పాఠశాల, గ్రంథాలయము: దర్శి సీమనుండి ఒక పరిశీలనము

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమును గూర్చి వ్రాసినవారు సామాన్యముగా దానిని జాతీయోద్యమమునకు అంగముగా భావించి, సభలను, తీర్మానములను, నాయకుల త్యాగములను వర్ణించిరి. విద్యాచరిత్రమును వ్రాసినవారు పాఠశాలల సంఖ్యను, పాఠ్యప్రణాళికలను, పరీక్షలను విచారించిరి. ఈ రెండు చరిత్రములును రెండు వేర్వేరు అరలలో నుండిపోయినవి. గ్రామమున చదువు నేర్చిన బాలుని వైపునుండి చూచినచో ఇవి రెండు కథలు కావు. బడిలో అక్షరములు వచ్చినవానికి బడి వెలుపల చదువుటకు పుస్తకము దొరకినదా, లేదా? అతనికి కావలసినది ఇంతమాత్రమే. ఈ ప్రశ్నను దర్శి వంటి మెట్టప్రాంతమున నిలిచి అడిగినప్పుడు, కృష్ణా డెల్టాలో నిలిచి అడిగినవారికి తోచని విషయములు కొన్ని తోచును. ఉపాధ్యాయుని చేతిలో కలిసి పుట్టిన ఈ రెండు సంస్థలును 1959, 1960 సంవత్సరములలో, అయిదారు నెలల వ్యవధిలోనే, శాసనముల వలన వేరుపడినవనియు, ఆ ఎడబాటు ఫలితమును డెల్టాకన్న మెట్టసీమలే హెచ్చుగా అనుభవించినవనియు నా అభిప్రాయము. దానికి గల ఆధారములను ఈ వ్యాసమున చర్చింతును.

మొదట దర్శి ఉనికిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. నేడు ప్రకాశము జిల్లాలో నున్న దర్శి, ఆంగ్లేయుల కాలమున నెల్లూరు జిల్లాకు వాయవ్యభాగమున వెంకటగిరి జమీందారీలో చేరిన భూభాగము. నల్లరేగడి నేలలు, పత్తి, మిరప, కంది, పొగాకు పంటలు, వానమీద ఆధారపడిన సేద్యము. కృష్ణపై విజయవాడకడ ఆనకట్ట 1855 నాటికి ముగిసి డెల్టాకు కాలువనీరు వచ్చినది. దర్శి ప్రాంతము మాత్రము 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలినంతవరకు ఆకాశము వంకనే చూచుచుండెను. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గము కురిచేడు, దొనకొండల మీదుగా పోవునేగాని, ఇరువదవ శతాబ్దమంతయు దర్శి ఊరికి రైలు లేదు. వెంకటగిరి ప్రభువుల సాహిత్యపోషణము తెలుగు చదివినవారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు. అయితే సంస్థానపు పోషణము ఆస్థానమును అంటిపెట్టుకొని యుండును. ఎస్టేటు ఉత్తరపు కొసనున్న రైతుబిడ్డకు దానివలన పుస్తకము చేరునని తలంచుటకు వీలులేదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీ పోయి, రైతు సర్కారుకు నేరుగా శిస్తు కట్టువాడయ్యెను. నీరు, రైలు, ధనిక పట్టణము – డెల్టాలో గ్రంథాలయములను నిలబెట్టిన ఈ మూడును లేనిచోట మిగిలిన ఆధారము బడియే.

ఇక ఆరంభదశను చూతము. 1886లో విశాఖపట్టణమున సరస్వతీ నిలయమును స్థాపించిన మంతెన ఆదినారాయణమూర్తి పాఠశాల ఉపాధ్యాయుడు. ఆంధ్రమున పౌర గ్రంథాలయములకు ఇది మొదటిదని పరిశోధకులు సామాన్యముగా అంగీకరించుచున్నారు. ఒక బడిపంతులు ఈ పనికి పూనుకొనుట యాదృచ్ఛికము కాదు. బడిలో నేర్పిన చదువు బడి విడిచిన కొలది యేండ్లకే మరపునకు వచ్చుటను కన్నులార చూచెడివాడు ఉపాధ్యాయుడే గదా. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగు బడులకే ఆదరణము కరవైన నిజాము రాష్ట్రమున ఆ భాషానిలయము గ్రంథాలయముతోపాటు పాఠశాల చేయవలసిన పనిని కొంత తన తలపై వేసికొన్నది. దాని స్థాపకులలో నొకరైన కొమఱ్ఱాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలికి మూలపురుషుడయ్యెను. గ్రంథాలయము పెట్టినంత మాత్రమున చాలదనియు, అందు పెట్టుటకు తెలుగున చరిత్ర, ప్రకృతిశాస్త్ర గ్రంథములు కావలెననియు ఆయన గ్రహించెను. పద్యకావ్యములు, పురాణములు తప్ప వేఱు దొరకని నాడు బడిపిల్లవాడు స్వయముగా చదివి గ్రహింపదగిన వచనగ్రంథము ఎంత అవసరమో ఆయనకు తెలియును.

ఆ మండలి ప్రచురించిన మొదటి గ్రంథము అబ్రహాము లింకను చరిత్రము. దాని కర్త గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఈయన జీవితమున మన విషయమునకు కీలకమైన ఘట్టమొకటి కలదు. 1907లో బిపిన చంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిన దినములలో గాడిచర్ల అచ్చటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యార్థి. వందేమాతర బ్యాడ్జీలు ధరించి క్లాసులకు వచ్చిన విద్యార్థులపై ప్రిన్సిపాలు హంటరు ఆగ్రహించెను. గాడిచర్లను కళాశాలనుండి వెడలగొట్టిరి. ఉపాధ్యాయుడు కావలసినవానికి ప్రభుత్వ పాఠశాల తలుపు మూసివేయబడినది. తరువాత ఆయన పత్రికారచనకును, కారాగారమునకును, అనంతరము దీర్ఘకాలము గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తన జీవితమును ధారపోసెను. 1934 మొదలు 1960లో మరణించువరకు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షుడుగా నుండి, పాఠశాలలో చెప్పనీయని పాఠమును గ్రంథాలయమున చెప్పెను. చరిత్రకారులు ఈ సంఘటనను రాజకీయ చరిత్రములోని పుటగానే చూచిరి. గ్రంథాలయోద్యమమునకు గల బోధనలక్షణము ఇట్లు బడినుండి తరుమబడిన బోధకులవలన కొంత ఏర్పడినదని నాకు తోచుచున్నది.

1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో, రామమోహన గ్రంథాలయమువారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. ఆ దినమున పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు ప్రాణము పోసినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. చిలకమర్తియు ఉపాధ్యాయవృత్తిలో నుండినవాడే. సంఘమువారు గ్రంథాలయ యాత్రల పేర పల్లెలు తిరిగిరి, గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు నడిపిరి, ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను వెలువరించిరి. 1919 నవంబరు 14వ తేదీన వారి ప్రోత్సాహముననే మద్రాసులో అఖిలభారత స్థాయి సభ జరిగెను. దానికి అధ్యక్షుడు బరోడా రాష్ట్ర గ్రంథాలయశాఖకు చెందిన కుదాల్కరు.

బరోడా పేరు వచ్చినది కావున ఒక మాట. శాయాజీరావు గాయక్వాడు తన రాజ్యమున నిర్బంధ ప్రాథమిక విద్యను 1893లో ఒక ప్రాంతమున ప్రయోగించి, 1906లో రాజ్యమంతటికిని విస్తరింపజేసెను. చదువు వచ్చినవారికి చదువుటకేమియు లేనిచో ఆ వ్యయమంతయు నీళ్లపాలగునని గ్రహించి, 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయజ్ఞుని పిలిపించి గ్రామగ్రామమునకు గ్రంథాలయములు ఏర్పాటు చేయించెను. పెక్కు గ్రామములలో బడియే గ్రంథాలయస్థానము, పంతులే గ్రంథపాలకుడు. పెట్టెలలో పుస్తకములు ఊరినుండి ఊరికి తిరిగెడివి. బరోడాలో రెండు సంస్థలను కలిపినది రాజాజ్ఞ. ఆంధ్రమున కలిపినది స్వచ్ఛందముగా పనిచేసిన ఉపాధ్యాయులు, యువకులు. ప్రజలయందు వేరూనిన సంస్థలు చిరకాలము నిలుచుట మన పద్ధతిలోని లాభము. ప్రజలకు తీరిక, ధనము ఉన్నచోటనే అవి పుట్టుట నష్టము. దర్శి రెండవ భాగమునకు చెందినది.

ఈ భేదమునకు దర్శికి తూర్పున సముద్రతీరమందలి వేటపాలెము మంచి నిదర్శనము. అచ్చట హిందూ యువజన సంఘమువారు, వి.వి. శ్రేష్ఠి నాయకత్వమున, 1918 అక్టోబరు 15వ తేదీన సారస్వత నికేతనమును స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు అచ్చటికి వచ్చెను. ఆనాడు విరిగిన ఆయన చేతికఱ్ఱను నేటికిని అచ్చట భద్రపరచియున్నారు. పాత పత్రికల సంపుటములకును, దొరకని తొలిముద్రణములకును ఈ గ్రంథాలయము నెలవు. తెలుగు పరిశోధకులలో అచ్చటికి పోయి దినములు గడిపి రాని వారు అరుదు. అది ఎచ్చట పుట్టినదో గమనింపుడు: చేనేతకు, వర్తకమునకు పేరుపొందిన ఊరు. మద్రాసు–విజయవాడ రైలుమార్గము చెంతనే పోవుచున్నది. దర్శిలో అట్టి సంస్థ ఏల పుట్టలేదని అడుగుట కంటె, పుట్టుటకు కావలసినవి ఎంతవరకు ఉండినవని అడుగుట న్యాయము.

నీటి విషయముకూడ ఇట్టిదే. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు జిల్లా డెల్టా కాలువలపై పడవలలో గ్రంథాలయమును నడిపించెను. బస్సులు విరివిగా లేని ఆ రోజులలో జనులు పడవలపై గంటలకొలది ప్రయాణము చేయుచుండిరి. ఆ తీరికను ఆయన చదువునకు వాడుకొనెను. పంటకాలువ అక్షరమునకును కాలువయైనది. ఇట్టి ఉపాయము కాలువ లేనిచోట చెల్లదు. అయితే ఎండుమార్గమున పోవుటకును ఉపాయము లేకపోలేదు. 1931లోనే తమిళదేశమున మన్నార్గుడికడ ఎడ్లబండిపై పుస్తకములు పెట్టి పల్లెలకు పంపిరి. గిత్తలకు పుట్టినిల్లైన ఒంగోలు చుట్టుపట్ల ఈ పద్ధతి ఎంత అనుకూలముగా నుండెడిదో వేరుగ చెప్పనేల?

స్వాతంత్ర్యానంతరము ఈ విషయము శాసనకర్తల చేతిలోనికి వచ్చినది. రంగనాథను ప్రేరణమున, విద్యామంత్రి అవినాశలింగము చెట్టియారు పూనికతో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము వెలువడెను. రంగనాథను గణితోపాధ్యాయుడుగా నుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైనవాడు. 1942లో పాఠశాల, కళాశాల గ్రంథాలయములపై ప్రత్యేక గ్రంథమునే వ్రాసెను. ఈ చట్టముననుసరించి జిల్లాకొక స్థానిక గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. ఇంటిపన్నుపై రూపాయికి ఆరు పైలు, అనగా అరణా, గ్రంథాలయపు సెస్సుగా వసూలుచేసి ఆ సంస్థకు ఈయవలెను. మద్రాసున విద్యాశాఖ సంచాలకుడే గ్రంథాలయ సంచాలకుడు. జిల్లాలలో విద్యాధికారియే ఆ సంస్థకు కార్యదర్శి. పాఠశాలలను తనిఖీ చేయు అధికారియే గ్రంథాలయములకును బాధ్యుడు. గ్రంథాలయోద్యమ నాయకులకు ఈ ఏర్పాటు రుచించలేదు. విద్యాధికారికి తనిఖీలతోనే తీరికలేదు, గ్రంథాలయము అతనికి రెండవ సంసారమగునని వారి ఆక్షేపణము. అందు సత్యమున్నది. కాని ఒకే బల్లపై రెండు దస్త్రములు ఉన్నంతకాలము అవి ఒకదానినొకటి చూచుకొనుటకు అవకాశమైనను ఉండెను.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదప రెండు సంస్కరణములు వెంటవెంట వచ్చినవి. 1959 నవంబరులో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వెలసి, జిల్లా బోర్డుల ఉన్నత పాఠశాలలు పరిషత్తులకును, ప్రాథమిక పాఠశాలలు సమితులకును సంక్రమించినవి. 1960 ఏప్రిల్ 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము అమలులోనికి వచ్చి, గ్రంథాలయములకు ప్రత్యేక శాఖను, ప్రత్యేక సంచాలకుని, జిల్లాకొక గ్రంథాలయ సంస్థను నిర్దేశించెను. ఈ రెండును గొప్ప సంస్కరణములే. ఉద్యమము నలువది సంవత్సరములుగా కోరిన స్వాతంత్ర్యము గ్రంథాలయములకు సిద్ధించెను. అయినను ఫలితమేమి? జిల్లా పరిషత్తు ఒకటి, జిల్లా గ్రంథాలయ సంస్థ ఒకటి. రెండింటికిని పేరులో ‘జిల్లా’ ఉన్నది, కార్యస్థానము ఒకే పట్టణము. కాని రెండు ఖజానాలు, రెండు ఉద్యోగివర్గములు, రెండు లెక్కల తనిఖీలు. పాఠశాల పుస్తకము పరిషత్తు సొత్తు, శాఖా గ్రంథాలయపు పుస్తకము సంస్థ సొత్తు. ఒకదానిని మఱొకచోట ఉంచుటకు గాని, ఒక పుస్తకము కొన్నవారు మఱొకటి కొనుమని రెండవవారితో చెప్పుకొనుటకు గాని ఎవరికిని విధిలేదు.

సెస్సు విషయమున ఇంకొక చిక్కు కలదు. అది ఇంటిపన్నునుబట్టి వచ్చునది. రూపాయికి అరణా చొప్పున, రెండు రూపాయల పన్ను కట్టు మట్టిమిద్దెనుండి సాలీనా అణా వచ్చును. మేడలున్న పట్టణమున సెస్సు పెరుగును, పూరిండ్లున్న మెట్టగ్రామమున తరుగును. మన రాష్ట్రమున తరువాత ఈ సెస్సు రూపాయికి ఎనిమిది పైసలైనది గాని, ఆధారము మారలేదు. ఇంటి విలువ తక్కువగానున్నచోట ఇంటిలో పుస్తకములును తక్కువగానే యుండును. అట్టిచోట సార్వజనిక గ్రంథాలయమునకు రాబడియు తక్కువ. జిల్లా మొత్తమునకు సొమ్ము ఒకేచోట చేరును కనుక ఈ దోషము కొంత సర్దుకొనవచ్చునని వాదింపవచ్చును. అది నిజమే. కాని వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సకాలమున గ్రంథాలయ సంస్థకు ముట్టజెప్పవను మొఱ ఈ చట్టమంత పాతది.

ఇక బడి లోపలి గ్రంథాలయము. 1952–53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షత వహించిన మాధ్యమిక విద్యా సంఘము దేశములోని పాఠశాల గ్రంథాలయముల దుస్థితిని దాపరికము లేక వెల్లడించెను. పెక్కు బడులలో గ్రంథాలయమని చెప్పదగినదే లేదనియు, ఉన్నవి పిల్లల వయస్సునకు, అభిరుచికి తగని పాత పుస్తకములతో మూసిన బీరువాలలో నున్నవనియు ఆ సంఘము భావము. పౌర గ్రంథాలయములందు బాలుర విభాగముండవలెననియు సూచించెను. దోషమును ఉపాధ్యాయునిపై నెట్టుట సులభము. బీరువాకు తాళమేల పడినదో విచారింపవలెను. గ్రంథాలయపు బాధ్యత సామాన్యముగా తెలుగు పండితునికో, మఱొక ఉపాధ్యాయునికో అదనపు పనిగా అప్పగింపబడును. స్టాకు రిజిస్టరులో అంకె వేసిన ప్రతి పుస్తకమునకు అతడు జవాబుదారి. లెక్క తగ్గినచో వెల అతని జీతమునుండి పోవచ్చును. పుస్తకము చదువబడినదా అని అడుగువాడు లేడు, ఉన్నదా అని అడుగువాడు ఏటేట వచ్చును. ఇట్టి నియమము క్రింద పుస్తకప్రియుడైన పండితుడుకూడ తాళము వేయును. అమెరికాలో వూస్టరు పట్టణ గ్రంథపాలకుడు శామ్యూల్ గ్రీను 1880 నాటికే పౌర గ్రంథాలయపు పుస్తకములను బడులకు పంపి, ఉపాధ్యాయులతో కలిసి పనిచేయు పద్ధతిని ప్రచారము చేసెను. పుస్తకము గ్రంథాలయముదే, చదివించుట ఉపాధ్యాయుని పని. మన పంతులుకు చదివించు పనికన్న కాపలాపని ముఖ్యమైనది.

1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము జిల్లా అయినది. దర్శి నెల్లూరునుండి దీనిలో చేరెను. పరిషత్తును, గ్రంథాలయ సంస్థయు ఒంగోలులో క్రొత్తగా ఆరంభమైనవి. మెట్టప్రాంతముల వెనుకబాటే ఈ జిల్లా ఏర్పాటునకు కారణములలో నొకటి గనుక, రెండు సంస్థలను కలిపి ఆలోచించుటకు మంచి తరుణము అదియే. చట్టము దానిని కోరలేదు. 1964–66 నాటి కొఠారి సంఘము ఉన్నత పాఠశాల చుట్టు ప్రాథమిక పాఠశాలలను సముదాయముగా కూర్చి, గ్రంథములను, ప్రయోగసాధనములను పంచుకొనవలెనని సూచించి యుండెను. తరువాత మన రాష్ట్రమున పాఠశాల సముదాయములు ఏర్పడినవి గాని, అవి బడికి బడితో గల సంబంధములు. పౌర గ్రంథాలయమునకు వానిలో చోటు లేదు. 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రాథమిక పాఠశాలలకు పుస్తకములను చేర్చెను. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకము తరగతినిబట్టి ప్రభుత్వ పాఠశాలకు ఏటా అయిదువేలు మొదలు ఇరువదివేల రూపాయల వరకు గ్రంథాలయ నిధిని ఉద్దేశించెను. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ విద్యాశాఖ ‘చదవడం మాకిష్టం’ అను పేర పఠనోద్యమమును ఆరంభించెను. పేరు వినుటకు ఇంపుగానున్నది. కొనుట, ఇచ్చుట అను రెండు పనులలో మన పథకములు ఎల్లప్పుడును మొదటిదానియందే ప్రౌఢములు.

పైకి అల్పముగా తోచు వేళల విషయమునకు నేనెక్కువ ప్రాధాన్యము ఇత్తును. మన జిల్లాలలో శాఖా గ్రంథాలయములు సామాన్యముగా ఉదయము 8 మొదలు 11 వరకు, సాయంకాలము 4 మొదలు 7 వరకు తెరచియుండును. వారపు సెలవు శుక్రవారము. బడికి సెలవు ఆదివారము. చూచుటకు ఈ ఏర్పాటు విద్యార్థి కొరకే చేసినట్లున్నది: బడికి ముందును, బడి విడిచిన పిదపను, ఆదివారమునను గ్రంథాలయము తెరచియుండును. ఊరిలో నివసించు బాలునికి ఇది నిజముగా వరమే. దర్శి వంటి కేంద్రమునకు చుట్టుపట్ల పల్లెలనుండి బస్సుమీద, ఆటోమీద వచ్చి చదువుకొను పిల్లలు అనేకులు. వారు బడి గంటకు వచ్చి, బడి విడువగానే పోవుదురు. గ్రంథాలయము తలుపు తెరచునప్పటికి వారు బస్సుస్థలమున నుందురు. పైగా మిరపకోతలు మాఘ ఫాల్గుణములలో ముమ్మరమగును. అవియే వార్షిక పరీక్షలకు సన్నాహపడు దినములు. పత్తితీతకు పోవు ఇండ్లలో పెద్దపిల్లల చేతులకును పని పడును. వేసవిలో కోతలు ముగిసి కొంత తీరిక చిక్కునప్పటికి బడి మూతపడును, దానితో బీరువాయు మూతపడును. తెరచియుండునది శాఖా గ్రంథాలయమొక్కటే. అది పల్లెకు దూరము.

బడి బీరువాలోని పుస్తకములను వేసవికి శాఖా గ్రంథాలయమునకు అప్పగించుట, శాఖా గ్రంథాలయపు పెట్టెను బడిదినములలో పల్లెబడికి పంపుట – ఈ రెండు పనులకును క్రొత్త భవనము అక్కరలేదు, క్రొత్త ఉద్యోగి అక్కరలేదు. రెండు రిజిస్టర్లలో ఒక్కొక్క నిలువుగీత అదనముగా గీయవలెను, పోయిన పుస్తకపు వెలను ఉపాధ్యాయుని నెత్తిన రుద్దని ఉత్తరువు ఒకటి వెలువడవలెను. 1948 చట్టము క్రింద విద్యాధికారి ఒక్క సంతకముతో ఇది చేసియుండవచ్చును. నేడు రెండు శాఖల ఒడంబడిక కావలెను.

పరిశోధక విద్యార్థులకు ఇందు చేయదగిన పని చాలగలదు. ఉద్యమనాయకుల చరిత్రములు ఇప్పటికే కొన్ని వెలువడినవి. ఒక తాలూకాలో ఏ పుస్తకము ఏ సంవత్సరమున బడిలోనికి వచ్చినది, ఎవరు తీసికొనిరి, శాఖా గ్రంథాలయమునకు అదే పుస్తకము ఎప్పుడు చేరినది అను విషయమును రెండు సంస్థల రిజిస్టర్లను ఎదురెదురుగా పెట్టి చూచినచో, నాయకుల చరిత్రము చెప్పని పాఠకుల చరిత్రము బయటపడును. విజ్ఞానచంద్రికా గ్రంథములు మెట్టగ్రామమునకు ఎన్నియేండ్లు ఆలస్యముగా చేరినవో, అసలు చేరినవో లేదో చెప్పగల సాక్ష్యము ఆ రిజిస్టర్లకన్న వేఱు దొరకుట కష్టము. పాత స్టాకు రిజిస్టర్లు క్రొత్తవి వ్రాసినప్పుడు అటకలపైకి పోవును, అచ్చటినుండి చెదలపాలగును. కావున ఈ పని త్వరగా పూనవలసినది. దర్శి విషయమున 1970కి పూర్వపు లెక్కలు వెదకువారు ఒంగోలుతో ఆగక నెల్లూరు వరకు పోవలసియుండును.